ముందు ఒక డాక్టర్‌ని పోగొట్టుకోండి

"డాక్టర్ హూ చూద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలెట్టమంటావ్?" అని ఎవరైనా అడిగితే నాకు లోపల్లోపల భలే సంతోషం. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవదు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న ఇంకో అభిమాని అందుకుంటాడు. ఒకరు 1963 నుంచి వరసగా చూడాల్సిందే అంటారు. ఇంకొకరు "బ్లింక్" అనే ఎపిసోడ్ ఒక్కటి చూడు, ఆ తర్వాత నువ్వే ఆగలేవు అంటారు. మూడో మనిషి, ఈమధ్యే కొత్తగా మొదలైంది కదా, అక్కణ్ణుంచి పట్టుకో అంటాడు. అడిగినవాళ్లు మర్యాదగా తలూపి, ఇంటికెళ్లి వేరే ఏదో సిరీస్ పెట్టుకుంటారు.

వాళ్ల తప్పేం లేదు. ఈ బ్రిటిష్ టీవీ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌కి మొదటి సీజన్లే మూడున్నాయి. 1963 నవంబర్‌లో బీబీసీ మొదలుపెట్టింది ఒకటి. అది 1989లో ఆగిపోయింది. 2005లో మళ్లీ తీసినప్పుడు లెక్క ఒకటి నుంచి వేశారు, అది రెండోది. 2024లో డిస్నీ ప్లస్‌తో చేతులు కలిపి ఇంకోసారి "సీజన్ 1" అన్నారు, అది మూడోది. మధ్యలో 1996లో వచ్చిన టీవీ సినిమా ఏ సీజన్ లెక్కలోకీ రాదు. అన్నీ కలిపితే ఎపిసోడ్లు దాదాపు 900. కొత్తవాళ్లు భయపడకపోతేనే ఆశ్చర్యం.

నా జవాబు ముందే చెప్పేస్తాను. 2005 సీజన్, మొదటి ఎపిసోడ్ "రోజ్" నుంచి, 13 ఎపిసోడ్లూ, ఒక్కటి కూడా వదలకుండా. ఇది కొత్త సలహా ఏమీ కాదు, చాలామంది చెప్పేదే. నా పేచీ అంతా వాళ్లు చెప్పే కారణాలతోనే. పాత కథ తెలియక్కర్లేదు, ఎపిసోడ్ 45 నిమిషాలే, పాతవాటి కంటే గ్రాఫిక్స్ నయం అంటారు. అన్నీ నిజమే. కానీ ఇవే కారణాలైతే 2010లో మొదలుపెట్టొచ్చు, 2018లోనూ మొదలుపెట్టొచ్చు. నేను 2005కే పట్టుబట్టడానికి కారణం వేరు. అక్కడ మొదలుపెడితే 13 ఎపిసోడ్లలో మీరొక డాక్టర్‌ని పోగొట్టుకుంటారు. ఈ సిరీస్‌లో అంత త్వరగా, అంత నిండుగా ఆ అనుభవం దొరికే చోటు ఇంకోటి లేదు.

ఏమీ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డాక్టర్ అనే ఆయన వేరే గ్రహం మనిషి. టార్డిస్ అనే వాహనంలో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరుగుతుంటాడు. అది బయటికి నీలంరంగు పోలీసు బాక్సులా ఉంటుంది, లోపల మాత్రం బోలెడంత చోటు. వెంట ఎప్పుడూ ఒకరో ఇద్దరో మామూలు మనుషులుంటారు. చావు దగ్గరికొచ్చినప్పుడు ఆయన ఒళ్లు మారిపోతుంది. కొత్త ముఖం, కొత్త గొంతు, కొత్త స్వభావం. జ్ఞాపకాలు మాత్రం పాతవే. దీన్ని స్పాయిలర్ అని నా మీదికి రాకండి. 1966 నుంచి అందరికీ తెలిసిన సంగతే.

ఈ మార్పు వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. మొదటి డాక్టర్ వేసిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం పాడైంది. సిరీస్ బాగా నడుస్తోంది, ఆపబుద్ధి కాలేదు. దాంతో ఆయన కిందపడిపోయి, లేచేసరికి ప్యాట్రిక్ ట్రౌటన్ అయిపోయాడు. అవసరానికి చేసిన పని అది. కానీ ఈ సిరీస్ ఆయుష్షంతా అందులోనే ఉంది. మిగతా సిరీస్‌లలో హీరో వెళ్లిపోతే కథ అయిపోతుంది. ఇక్కడ హీరో వెళ్లిపోవడమే కథలో అసలు ఘట్టం. మీకు బాగా అలవాటైన మనిషి వెళ్లిపోతాడు, ఆ పేరు పెట్టుకుని ఇంకెవరో నిలబడి నవ్వుతుంటారు. మీకు ఒళ్లు మండుతుంది. నాలుగైదు వారాలకి అతనూ నచ్చుతాడు. ఆ మంటా, ఆ తర్వాత నచ్చడమూ రెండూ జరిగితేనే మీరు డాక్టర్ హూ చూసినట్టు. అంతవరకూ మీరు చూసింది ఎవరో ఒక నటుడి సీజన్ మాత్రమే.

ఈ కొలబద్దతో మిగతా సలహాలను చూడండి.

1963 నుంచి వరసగా అనేవాళ్ల మాట వినడానికి బావుంటుంది, కుదరదు. మొదటి ఆరేళ్ల ఎపిసోడ్లలో వందకు కాస్త తక్కువ ఇప్పుడు లేనే లేవు. అప్పట్లో వీడియో టేపు ఖరీదు, ఒకసారి ప్రసారమైనవి మళ్లీ వేస్తారన్న ఆశ తక్కువ, దాంతో బీబీసీ వాళ్లు చెరిపేసి టేపులు తిరిగి వాడుకున్నారు. విదేశీ చానళ్లకు అమ్మిన ఫిల్మ్ కాపీలు కొన్ని తర్వాత బయటపడ్డాయి. 2013లో నైజీరియాలో తొమ్మిది ఎపిసోడ్లు దొరికిన సంగతి బయటికొచ్చినప్పుడు అభిమానులకు పండగే. ఇక నా వాదనకి పనికొచ్చే విషయం: హార్ట్‌నెల్ మారిపోయే ఆ ఎపిసోడే పోయింది. ముఖం మారే ఆ కొద్ది క్షణాల ముక్క మాత్రం మిగిలింది. ట్రౌటన్ మొదటి కథ ఆరు భాగాలు, ఆరూ పోయాయి. అభిమానులు టీవీ ముందు పెట్టి రికార్డు చేసుకున్న శబ్దానికి యానిమేషన్ జోడించి ఇప్పుడు చూపిస్తున్నారు. వరసగా చూద్దామని కూర్చుంటే, మొట్టమొదటి డాక్టర్‌ని పోగొట్టుకునే చోట మీ ముందు బొమ్మల కార్టూన్ ఉంటుంది.

పైగా వరసలో చూస్తేనే అర్థమవుతుందన్నది ఒట్టి భ్రమ. ఆ వరస రాసినవాళ్లకే ముందేముందో తెలియదు. డాక్టర్ జాతి పేరు టైమ్ లార్డ్స్ అని సిరీస్ మొదట చెప్పింది 1969లో. ఆయనకు రెండు గుండెలున్నాయని తేలింది 1970లో. గ్రహం పేరు గాలిఫ్రే అని వినబడింది 1973 చివర్లో. ఒళ్లు మారడానికి రీజనరేషన్ అనే పేరు పెట్టింది 1974లో, అప్పటికి రెండు మార్పులు అయిపోయాయి కూడా. అభిమానులు ఇవాళ పరీక్షకి చదివినట్టు అప్పజెప్పే సంగతులన్నీ ఎవరో ఒక రచయిత గడువు ముంచుకొస్తుంటే కల్పించినవే. ఆరేళ్లపాటు ఏమీ తెలియకుండా జనం హాయిగా చూశారంటే, మీకూ ఏమీ తెలియక్కర్లేదు.

ఇక "బ్లింక్" పార్టీ. 2007లో వచ్చిన ఆ ఎపిసోడ్ గొప్పదనడంలో నాకు అనుమానం లేదు. శాలీ స్పారో అనే అమ్మాయి పాడుబడ్డ ఇంట్లోకి ఫొటోలు తీసుకోవడానికి వెళుతుంది. ఊడిపోతున్న వాల్‌పేపర్ కొస పట్టుకుని లాగితే కింద గోడ మీద తన పేరే ఉంటుంది, వంగమని హెచ్చరిక. వంగుతుంది. తలమీదుగా రాయి దూసుకెళ్లి గోడకి తగులుతుంది. బయట తోటలో ఒక రాతి దేవత బొమ్మ. మనం చూస్తున్నంతసేపూ అది రాయే, రెప్ప వేస్తే కదులుతుంది. నలభై ఐదు నిమిషాల్లో ఇంత పకడ్బందీగా అల్లిన కథలు టీవీలో అరుదు.

సరే, ఇందులో డాక్టర్ ఎక్కడ? చాలావరకు ఒక డీవీడీలో దాచిన వీడియోలో, కెమెరా వైపు చూస్తూ సగం సంభాషణ మాట్లాడుతుంటాడు. షూటింగ్ సర్దుబాటు కోసం హీరోని పక్కన పెట్టి తీసిన ఎపిసోడ్ ఇది. దీన్ని చూసి వచ్చినవాళ్లు, సిరీస్ అంతా ఇలాగే గోడగడియారంలా బిగించిన దయ్యం కథలనుకుంటారు. తర్వాతి ఎపిసోడ్ పెడితే వేరే లోకం. ఇంకోరకం జాబితాలూ ఉన్నాయి. మనవాళ్లయితే 2018లో వచ్చిన "డీమన్స్ ఆఫ్ ది పంజాబ్" చూడమంటారు, 1947 దేశ విభజన రోజుల్లో జరిగే కథ. వినయ్ పటేల్ రాశాడు, చాలా బాగా రాశాడు. కానీ దాని బరువంతా డాక్టర్ వెంట తిరిగే యాజ్ అనే అమ్మాయి తన అమ్మమ్మ దాచిన గతాన్ని కళ్లారా చూడడంలో ఉంది. యాజ్ ఎవరో తెలియనివాళ్లకి అది చరిత్ర పాఠంగా మిగిలిపోతుంది. మంచి ఎపిసోడ్ అన్నంత మాత్రాన మంచి మొదలు అయిపోదు.

2024 సీజన్ మీద నాకు కోపం లేదు, అందులో డాక్టర్ వేసిన షుటీ గాట్వా నవ్వితే తెర వెలిగిపోతుంది. కోపమల్లా దాన్ని "కొత్త మొదలు" అని అమ్మడం మీద. మొదలన్నది నిజానికి అంతకుముందు డిసెంబర్‌లో వచ్చిన క్రిస్మస్ ఎపిసోడ్‌లో ఉంది, సీజన్ 1 కిందే దాన్ని వెతుక్కోవాలి. ఈ డాక్టర్ ఎలా వచ్చాడో తెలియాలంటే ఇంకా ముందున్న 2023 ప్రత్యేక ఎపిసోడ్లు చూడాలి. అందులో విలన్ 1966 నాటివాడు. పోనీ అవన్నీ వదిలేసి చివరిదాకా వస్తే, సీజన్ ముగింపులో ముసుగు తీసే విలన్ 1975 కథలోవాడు. కొత్తవాళ్ల కోసమంటూ తలుపు తెరిచి, లోపల యాభై ఏళ్ల కిందటి చుట్టాన్ని కూర్చోబెట్టారు. అసలు చిక్కు అది కూడా కాదు. గాట్వా డాక్టర్ వచ్చిన తీరులో పాత డాక్టర్ పోడు. ఒకరు ఇద్దరవుతారు, పాతాయన ఒక కుటుంబంలో చేరి హాయిగా విందు భోజనం చేస్తుంటాడు. పోగొట్టుకోవడం అనేదాన్నే తప్పించేశారు. అలాంటి చోట మొదలుపెడితే ఈ సిరీస్ ప్రాణం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

2005కి వద్దాం. పదహారేళ్లు దాదాపు మూలపడ్డ సిరీస్‌ని రచయిత రసెల్ టి డేవిస్ మళ్లీ లేపాడు. మార్చి 26న "రోజ్" వచ్చింది. కథ డాక్టర్‌తో మొదలవదు. పందొమ్మిదేళ్ల రోజ్ టైలర్ పొద్దున్న లేవడం, బస్సెక్కడం, పెద్ద బట్టల దుకాణంలో పని, మధ్యాహ్నం స్నేహితుడితో కాసేపు. ఇదంతా ఒక పాట లాగా చకచకా గడిచిపోతుంది. సాయంత్రం దుకాణం మూసే వేళకి ఏదో ఇచ్చిరావడానికి అండర్‌గ్రౌండ్‌లోకి దిగుతుంది. బట్టలు తొడిగే ప్లాస్టిక్ బొమ్మలు కదలడం మొదలుపెడతాయి. గోడకి నక్కిన ఆమె చేతిని ఇంకో చెయ్యి పట్టుకుంటుంది. పరిగెత్తమంటాడు. అంతే, అదే పరిచయం. పేరు కూడా లిఫ్టు దిగి ఆమెను బయటికి తోసేశాక, చేతిలో బాంబు పట్టుకుని చెబుతాడు.

క్రిస్టఫర్ ఎక్లెస్టన్ వేసిన ఈ డాక్టర్ తోలు జాకెట్టు, బాగా కురచగా కత్తిరించిన జుట్టు, పెద్ద చెవులు. చూడగానే హీరో అనిపించడు. నవ్వుతాడు, ఆ నవ్వు చప్పున ఆరిపోతుంది. ఎవరు నువ్వు అని రోజ్ అడిగితే, భూమి తిరుగుతున్న వేగం తనకు కాళ్ల కింద తెలుస్తుందని చెబుతాడు, ఆమె చెయ్యి పట్టుకుని. అంతా చెప్పి, ఇక నన్ను మర్చిపో అని వెళ్లిపోతాడు. టైమ్ లార్డ్స్ అంటే ఎవరో ఈ ఎపిసోడ్‌లో చెప్పనే చెప్పరు. గాలిఫ్రే పేరు 2006 క్రిస్మస్ దాకా ఎత్తలేదు. పాత అభిమాని అయిన రచయిత ఇంత నోరు కట్టుకోవడం మామూలు విషయం కాదు.

లోపాలు దాచను. ఒక చెత్తడబ్బా మనిషిని మింగి త్రేన్పుతుంది. నిజంగానే త్రేన్పుతుంది, శబ్దంతో సహా. నాలుగు, అయిదు ఎపిసోడ్లలో గ్రహాంతరవాసులు అదేపనిగా అపానవాయువు వదులుతుంటారు. పిల్లలు నవ్వాలని పెట్టారు, పెద్దవాళ్లు టీవీ సౌండ్ తగ్గించుకుంటారు. గ్రాఫిక్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు, వదిలేసేవాళ్లను ఆపడానికి అభిమానులు "ఇవి స్కిప్ చెయ్యొచ్చు" అని పట్టీలు తయారుచేస్తారు. ఆ పట్టీలు చించేయండి. ఏడో ఎపిసోడ్ సాదాసీదాగా ఉందని వదిలేస్తే, ముగింపు కథ జరిగే చోటు మీకు కొత్తగా కనబడుతుంది. పదకొండో ఎపిసోడ్ "బూమ్ టౌన్" వట్టి కాలక్షేపమని అందరూ అంటారు. దానిలో టార్డిస్ గుండె తెరుచుకుంటుంది. అది చూడనివాళ్లకి చివరి ఎపిసోడ్‌లో రోజ్ చేసేది గాల్లోంచి ఊడిపడ్డ ఉపాయంలా ఉంటుంది. సీజన్ పొడుగునా గోడల మీదా మాటల్లోనూ "బ్యాడ్ వుల్ఫ్" అన్న రెండు మాటలు తగులుతూనే ఉంటాయి. వాటి ఆట కూడా వరసలో చూసినవాళ్లకే.

రెండో ఎపిసోడ్‌లో ఆయన రోజ్‌ని అయిదు వందల కోట్ల ఏళ్ల ముందుకు తీసుకెళతాడు, సూర్యుడు ఉబ్బి భూమిని మింగేసే రోజు చూపించడానికి. తిరిగొచ్చాక లండన్ వీధిలో జనం మధ్య నిలబడి, తన గ్రహం యుద్ధంలో కాలిపోయిందని, తన జాతిలో తనొక్కడే మిగిలానని చెబుతాడు. ఆమె ఏమంటుంది? చిప్స్ తినాలనుందంటుంది. ఇద్దరూ వెళతారు. సిరీస్ మొత్తం స్వభావం ఆ రెండు నిమిషాల్లో ఉంది.

ఆరో ఎపిసోడ్ "డాలెక్". 1963 డిసెంబర్‌లో టెర్రీ నేషన్ రాసిన కథతో పుట్టిన డాలెక్‌లు ఈ సిరీస్‌కి ముఖ్య శత్రువులు. చూడ్డానికి మాత్రం ఉప్పు డబ్బాకి సింకు శుభ్రం చేసే రబ్బరు ప్లంజర్ తగిలించినట్టుంటాయి. మెట్లెక్కలేవని దశాబ్దాలపాటు జోకులు. (1988లోనే ఒకటి మెట్లెక్కింది, కానీ అప్పటికి చూసేవాళ్లు తగ్గిపోయారు.) 2005 వాళ్లు ఒక్కటంటే ఒక్క డాలెక్‌ని తీసుకుని, యూటాలో ఒక కోటీశ్వరుడి భూగర్భ మ్యూజియంలో గొలుసులతో కట్టేశారు. ఎవరో ప్రాణిని హింసిస్తున్నారని డాక్టర్ సాయం చేయడానికి చీకటి గదిలోకి వెళతాడు. నేను డాక్టర్‌ని, సాయానికొచ్చాను అంటాడు. చీకట్లోంచి ఒక నీలం వెలుగు లేస్తుంది, ఆ గొంతు ఆయన పేరు పలుకుతుంది. అంతవరకూ దేనికీ బెదరని మనిషి తలుపు మీద పిడికిళ్లతో బాదుతాడు, బయటికి తీయండని. దాని తుపాకీ పనిచేయడం లేదని తెలిశాక వెనక్కి తిరిగి నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే భయమేస్తుంది. దాన్ని వెక్కిరిస్తాడు, హింసిస్తాడు. చివరికి పెద్ద తుపాకీ పట్టుకుని వచ్చిన డాక్టర్‌కీ, ఎండ తగలాలని పైకప్పు బద్దలుకొట్టుకున్న డాలెక్‌కీ మధ్య రోజ్ నిలబడుతుంది. ఎవరు ఎవరిలా మారిపోయారో ఆ అమ్మాయి అడిగేదాకా ఆయనకే తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ 13 ఎపిసోడ్లలో ఈ మనిషి ఒక దారి నడుస్తాడు. యుద్ధం నుంచి వచ్చినవాడు మెల్లగా మనుషుల్లో పడతాడు. 1941 లండన్ బాంబుదాడుల మధ్య జరిగే తొమ్మిది, పది ఎపిసోడ్లలో, ఈ ఒక్కసారికి ఎవరూ చావలేదని చిన్నపిల్లాడిలా గెంతుతాడు. అప్పటికి మీకూ అతను అలవాటవుతాడు. ఇంకో మూడు ఎపిసోడ్లు అయ్యేసరికి అతను ఉండడు. ఎక్లెస్టన్ వెళ్లిపోతున్నాడన్న వార్త "రోజ్" ప్రసారమైన వారంలోపే బయటపడింది, కాబట్టి అప్పటి ప్రేక్షకులకు ఈ దెబ్బ పూర్తిగా తగల్లేదు. తేదీలు పట్టించుకోకుండా ఇప్పుడు చూసేవాళ్లకే ఆ అదృష్టం ఎక్కువ.

దెబ్బ ఎంత గట్టిదో తర్వాత వచ్చే క్రిస్మస్ ఎపిసోడ్ చూస్తే తెలుస్తుంది. కొత్త డాక్టర్ డేవిడ్ టెన్నెంట్. తర్వాత జనం అమితంగా ఇష్టపడ్డ నటుడు. ఆయన్ని పరిచయం చేయాల్సిన గంటలో ఎక్కువభాగం పైజమా వేసుకుని మంచం మీద స్పృహ లేకుండా పడుంటాడు. బయట భూమి మీద దాడి జరుగుతుంటే రోజ్, అతను నన్ను వదిలేసి వెళ్లిపోయాడని ఏడుస్తుంది. ఎంత ధైర్యం రాసినవాడికి! మీకు కొత్తాయన నచ్చలేదని వాడికి తెలుసు. మీ తరపున ఆ అమ్మాయిని ఏడవనిచ్చి, సరిగ్గా మీరు పాతాయన కోసం చూస్తున్న వేళకి కొత్తాయన్ని లేపుతాడు. 13 ఎపిసోడ్లు చూడకుండా నేరుగా టెన్నెంట్ దగ్గర మొదలుపెట్టేవాళ్లకి ఇదొక సరదా క్రిస్మస్ కథ, అంతకుమించి ఏమీ లేదు.

నా వాదనకి నిజమైన పోటీ ఒక్కటే, 2010లో వచ్చిన "ది ఇలెవెన్త్ అవర్". విడిగా చూస్తే "రోజ్" కంటే మేలైన ఎపిసోడ్, ఒప్పుకుంటాను. రాత్రివేళ తోటలో కూలిన టార్డిస్, ఏడేళ్ల అమీలియా, చేప ముక్కలు కస్టర్డ్‌లో ముంచుకు తినే చిరిగిన బట్టల మనిషి. అయిదు నిమిషాల్లో వస్తానని వెళ్లి పన్నెండేళ్లకు వస్తాడు. 2005 నాటి చిత్రీకరణ ఎంతకీ సహించనివాళ్లుంటే ఇక్కడ మొదలుపెట్టుకోండి, కేసు పెట్టను. కాకపోతే చివర్లో ఆసుపత్రి మిద్దె మీద ఒక ఘట్టం ఉంది. భూమిని ఇంతకుముందు కాపాడినవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే గాల్లో వెలుగుతాయి, పది ముఖాలు. ఆ పదో ముఖాన్ని చీల్చుకుంటూ కొత్త డాక్టర్ మ్యాట్ స్మిత్ ముందుకొస్తాడు. కనీసం ఇద్దర్ని పోగొట్టుకున్నవాళ్లకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కొత్తవాళ్లకి అవి పది ఫొటోలు. స్మిత్ వెళ్లేది కూడా 2013 డిసెంబర్‌లో, అంతదాకా ఆ సంగతి మీకు తెలిసిరాదు.

2025 మే నెలాఖరులో గాట్వా కూడా వెళ్లిపోయాడు. ఆ వెలుగులోంచి బయటికొచ్చిన ముఖం బిల్లీ పైపర్‌ది, అంటే రోజ్ వేసిన నటి. ఇరవై ఏళ్ల తర్వాత అదే ముఖం. 2024 నుంచి మొదలుపెట్టినవాళ్లు ఈవిడెవరని గూగుల్ చేసుకున్నారు.

పాత సిరీస్ చూడొద్దని కాదు, ఇద్దర్ని పోగొట్టుకున్నాక వెళ్లండి. అప్పుడు ముందు "స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్" చూడండి. 1970 నాటిది, రంగుల్లో వచ్చిన మొదటి కథ, మూడో డాక్టర్ జాన్ పర్ట్‌వీ మొదటి కథ కూడా. "రోజ్"లో కదిలిన ప్లాస్టిక్ బొమ్మలు పుట్టింది ఇక్కడే. తర్వాత నాలుగో డాక్టర్ టామ్ బేకర్ కథలు, 1975 నాటి "జెనెసిస్ ఆఫ్ ది డాలెక్స్", 1979 నాటి "సిటీ ఆఫ్ డెత్". అన్నీ పాతిక నిమిషాల భాగాలుగా, వారానికొకటి చొప్పున చూడాలని తీసినవి. ఒకే విడతలో ఆరు భాగాలు చూసి బోరు కొట్టిందంటే ఆ నేరం కథది కాదు. చివరికి 1963కి వెళితే, ఇరవైల్లో ఉన్న నిర్మాత వెరిటీ ల్యాంబర్ట్, లక్నోలో పుట్టిన కుర్ర దర్శకుడు వారిస్ హుస్సేన్ కలిసి తీసిన మొదటి కథలో, డాక్టర్ ఒక రాయి తీసుకుని గాయపడ్డ ఆదిమానవుడి వైపు కదులుతాడు. వెంట ఉన్న టీచరు చెయ్యి పట్టుకుని ఆపుతాడు. "డాలెక్"లో రోజ్ అడ్డు నిలబడడం చూసి వచ్చినవాళ్లకి ఆ దృశ్యం ఇంకోలా కనబడుతుంది. దాని కోసమైనా 1963ని ఆఖర్న ఉంచుకోండి.

ఇంత చెప్పాక కూడా, త్రేన్పే చెత్తడబ్బా దగ్గరే ఆగిపోతామంటే ఒక మాట. ఆరో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టండి. "డాలెక్" చూశాక కూడా మీలో ఏమీ కదలకపోతే ఈ సిరీస్ మీకు పడదు, నిస్సంకోచంగా వదిలేయండి. వదిలేసే ముందు "బ్లింక్" ఒక్కటి చూసుకుని వెళ్లండి. ముందూ వెనకా చూసే ఉద్దేశం లేనివాళ్లకి అంతకంటే మంచి ఎపిసోడ్ లేదు.